కారు ‘ఫ్లడ్’ అయిందా? పెట్రోల్‌తోనా, నీళ్లతోనా? తేడా తెలియకుండా సెల్ఫ్ కొడితే ఇంజిన్‌కే ముప్పు

రాయ్‌పూర్‌లోని పురానీ బస్తీ, బ్రాహ్మణ్‌పారా, సదర్ బజార్ లాంటి పాత పేటల్లో ఇంటికో కారు ఉంది గానీ కారుకో చోటు లేదు. సందులో ఒకదాని వెనక ఒకటి పెట్టుకోవాల్సిందే. లోపలి కారు బయటికి రావాలంటే దానికి అడ్డంగా ఉన్న కారును తీయాలి. జనవరి పొద్దున చలిలో ఎవరో ఒకరు వచ్చి తాళం తిప్పి, కారును పది అడుగులు జరిపి, వెంటనే ఆపేసి ఇంట్లోకి వెళ్లిపోతారు. గంట తర్వాత ఆఫీసుకు బయల్దేరదామని సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిరగిరా తిరుగుతుంది, కానీ అందుకోదు. మళ్లీ కొడితే మళ్లీ అంతే. నాలుగోసారికి పెట్రోల్ వాసన గుప్పుమంటుంది. ఐదోసారికి బ్యాటరీ నీరసిస్తుంది.

అప్పుడు పిలిపించిన మెకానిక్ బానెట్ తెరవకుండానే ‘ఓవర్ హో గయా’ అంటాడు. తెలుగు ఊళ్లలోనూ ఇదే మాట వాడతారు, ‘పెట్రోల్ ఓవరైంది’ అని. పుస్తకాల్లో దీన్ని ‘ఇంజిన్ ఫ్లడ్ కావడం’ అంటారు. మెకానిక్ డ్రైవర్ సీట్లో కూర్చుని యాక్సిలరేటర్‌ను నేలకు అంటేలా తొక్కిపట్టి సెల్ఫ్ కొడతాడు. ఏడెనిమిది సెకన్లు గడిచాక ఇంజిన్ ఒకసారి దగ్గి, రెండుసార్లు వణికి, నల్లటి పొగతో లేస్తుంది.

చూసినవారికి ఇదొక మంత్రంలా గుర్తుండిపోతుంది. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. ఆర్నెల్లు తిరిగేసరికి వానాకాలం వస్తుంది. మోకాలి లోతు నీళ్లలో అదే కారు ఆగిపోతుంది. ‘ఫ్లడ్ అయింది’ అని ఎవరో అంటారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టమని ఇంకెవరో సలహా ఇస్తారు. జనవరిలో కారును బతికించిన ఆ చిట్కాయే జులైలో ఇంజిన్‌ను చంపేస్తుంది. మాట ఒకటే అయినా జబ్బులు రెండు, వాటి వైద్యాలు పూర్తిగా ఎదురుబొదురు.

చలిలో పెట్రోల్ ఎందుకు ఎక్కువవుతుంది?

ఇంజిన్‌లో మండేది పెట్రోల్ ద్రవం కాదు, దాని ఆవిరి. ఆ ఆవిరికీ హద్దులున్నాయి. గాలిలో పెట్రోల్ ఆవిరి సుమారు 1.4 శాతం కంటే తగ్గినా అంటుకోదు, సుమారు 7.6 శాతం దాటినా అంటుకోదు. వేడెక్కిన ఇంజిన్‌కు బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి కావాలి. చల్లటి ఇంజిన్‌కు ఈ లెక్క సరిపోదు. చిమ్మిన పెట్రోల్‌లో తేలికపాటి భాగమే ఆవిరవుతుంది, మిగతాది లోహపు గోడలకు తడిగా అంటుకుపోతుంది. అందుకే స్టార్ట్ చేసే కొద్ది సెకన్లలో మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పెట్రోల్ చిమ్మాల్సి వస్తుంది.

పాత మారుతి 800 నడిపినవారికి ‘చోక్’ గుర్తుండే ఉంటుంది. కార్బురేటర్ కార్లలో ఈ అదనపు పెట్రోల్ కోసం డ్రైవరే చోక్ లాగేవాడు. 2000 ప్రాంతం నుంచి కాలుష్య నిబంధనలు కఠినమవుతున్న కొద్దీ మన కార్లలో కార్బురేటర్ పోయి ‘ఎంపీఎఫ్ఐ’ వచ్చింది. చోక్ పని ఇప్పుడు ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చేస్తుంది. ఇంజిన్‌లోని కూలెంట్ ఎంత చల్లగా ఉందో సెన్సర్ చెబుతుంది. దాన్నిబట్టి ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకోవాలో ఈసీయూ లెక్క కడుతుంది. ఈ లెక్క చాలావరకు కచ్చితమే. అందుకే ఇంజెక్షన్ కార్లు ఫ్లడ్ కావడం అరుదు. కానీ అరుదంటే అసాధ్యమని కాదు.

కారును పది అడుగులు జరిపి ఆపేసినప్పుడు జరిగేది ఇదీ. స్టార్ట్ చేయగానే ఈసీయూ ధారాళంగా పెట్రోల్ చిమ్మింది. అది మండి, వేడి పుట్టి, గోడల తడి ఆరేలోపే ఇంజిన్ ఆగిపోయింది. తడి అక్కడే ఉండిపోయింది. రెండోసారి తాళం తిప్పినప్పుడు లోపల పాత పెట్రోల్ మిగిలి ఉందన్న సంగతి ఈసీయూకు తెలిసే వీలు లేదు. దానికి కనిపించేది కూలెంట్ చలి ఒక్కటే. కాబట్టి మళ్లీ అంతే ధారాళంగా చిమ్ముతుంది. ఈ తడి స్పార్క్ ప్లగ్ కొనకు చేరితే కథ ముగిసినట్టే. నిప్పురవ్వ ఖాళీని దాటి దూకాల్సిన కరెంటు, తడిసి మసిబారిన పింగాణీ మీదుగా జారిపోతుంది. రవ్వ పుట్టదు. ఇక ఎంత పెట్రోల్ చిమ్మినా తడి పెరగడమే తప్ప మంట ఉండదు.

ప్లగ్ తనను తాను శుభ్రం చేసుకోగలదు. దాని కొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితే అంటుకున్న మసి మండిపోతుంది. అర నిమిషం నడిచి ఆగిన ఇంజిన్‌లో ఆ వేడి రాదు. రోజూ కారును అలా జరిపి ఆపేసేవారి ప్లగ్‌లపై మసి పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఒకానొక చలి ఉదయం అది గీత దాటుతుంది. ఇది కొత్త కార్లకూ వస్తుంది. ఫ్యాక్టరీ యార్డు నుంచి ట్రక్కుకు, ట్రక్కు నుంచి గోదాముకు, అక్కడి నుంచి షోరూముకు పది మీటర్లు, ఇరవై మీటర్లు నడిచి ఆగే కార్లలో ప్లగ్‌లు పాడవడానికి ప్లగ్ తయారీదారులు ఏకంగా ఒక పేరే పెట్టారు, ‘ప్రీ-డెలివరీ ఫౌలింగ్’ అని. మాజ్డా కంపెనీ ఆర్ఎక్స్-8 అనే రోటరీ ఇంజిన్ కారుకైతే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వెంటనే ఆపితే మొరాయిస్తుందని ప్రపంచవ్యాప్తంగా పేరే పడిపోయింది.

డిసెంబర్, జనవరి నెలల్లో రాయ్‌పూర్‌లో తెల్లవారుజామున 10-12 డిగ్రీలకు దిగడం మామూలే. యూరప్ లెక్కలో అది చలే కాదు. కానీ ఉత్తరాన సర్గుజా కొండల మీద, వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున్న మైన్‌పాట్‌లో మంచు గడ్డకట్టే రోజులు ఉంటాయి. చలికాలం సెలవులకు అక్కడికో, ఇటు కోరాపుట్ మీదుగా అరకుకో వెళ్లి రాత్రి కారును ఆరుబయట వదిలేసేవారికి పొద్దున ఈ సమస్య ఎదురయ్యే అవకాశం ఎక్కువ. చలికి బ్యాటరీ బలం కూడా తగ్గుతుంది. సెల్ఫ్ మోటార్ నీరసంగా తిరుగుతుంది, రవ్వ బలహీనపడుతుంది. నిజానికి ‘ఓవరైంది’ అనుకునే చాలా కేసుల్లో అసలు దోషి మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీయే.

ముందు ముక్కు, ఆ తర్వాతే కాలు

స్టార్ట్ కాని ప్రతి కారూ ఫ్లడ్ అయినట్టు కాదు. తాళం తిప్పితే ‘టిక్’ అన్న చప్పుడు తప్ప ఇంజిన్ తిరగకపోతే అది బ్యాటరీ లేదా సెల్ఫ్ మోటార్ సమస్య. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాభం లేదు. ఇంజిన్ బాగానే తిరుగుతున్నా పెట్రోల్ వాసన ఏమాత్రం లేకపోతే పెట్రోల్ అందడం లేదేమో చూడాలి. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లపాటు పంపు సన్నగా మూలుగుతుంది. ఆ శబ్దం లేకపోతే ఫ్యూజో, రిలేనో, పంపో పోయి ఉండొచ్చు. మీటర్లో తాళం బొమ్మ మిణుకుమిణుకుమంటుంటే ఇమ్మొబిలైజర్ తాళాన్ని గుర్తించడం లేదని అర్థం.

ఇంజిన్ చురుగ్గా తిరుగుతూ, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన వస్తూ, అంతకుముందు కారును కాసేపే నడిపి ఆపేసిన చరిత్ర ఉంటే అప్పుడు ఫ్లడ్ అయిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. చెవి పదునుగా ఉన్నవారు ఇంకో గుర్తు కూడా పట్టుకోగలరు. ఇంజిన్ మామూలు కంటే తేలిగ్గా, ‘ఖాళీగా’ తిరుగుతున్నట్టు వినిపిస్తుంది. సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను పెట్రోల్ కడిగేయడంతో పిస్టన్ రింగుల దగ్గర గాలి కారిపోయి, కంప్రెషన్ పడిపోవడమే దీనికి కారణం. అప్పుడు రవ్వ వచ్చినా ఇంజిన్ లేవడం కష్టమవుతుంది.

నిర్ధారణ అయ్యాక మొదట చేయాల్సింది ఏమీ చేయకపోవడం. పది పదిహేను నిమిషాలు వదిలేస్తే కొంత పెట్రోల్ ఆవిరై పోతుంది. అంత ఓపిక, సమయం లేనివారికే మెకానిక్ చేసిన పని. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఏసీ, లైట్లు, మ్యూజిక్ అన్నీ ఆపేయాలి. తాళం తిప్పడానికి ముందే యాక్సిలరేటర్‌ను పూర్తిగా, కదల్చకుండా తొక్కిపట్టాలి. అలా పట్టుకునే ఐదు నుంచి పది సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. ఇంజిన్ లేచిన మరుక్షణం కాలు తీసేయాలి. లేదంటే చల్లటి ఇంజిన్ ఒక్కసారిగా గొంతెత్తి అరుస్తుంది. లేవకపోతే తాళం వెనక్కి తిప్పి కనీసం అర నిమిషం, వీలైతే నిమిషం ఆగాలి. సెల్ఫ్ మోటార్ కొద్ది సెకన్ల పనికోసం తయారైంది. ఆపకుండా తిప్పితే మాడిపోతుంది.

పుష్ బటన్ కార్లలో చిన్న ఇబ్బంది ఉంది. బ్రేకో క్లచ్చో తొక్కితేనే బటన్ పనిచేస్తుంది. ఆటోమేటిక్ అయితే ఎడమ కాలు బ్రేక్ మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి, గేరు పార్క్‌లో ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకుని బటన్ నొక్కాలి. ఎంతసేపు తిప్పాలో చాలా మోడళ్లలో కారే నిర్ణయిస్తుంది. అన్ని కార్లలోనూ ఈ పద్ధతి ఒకేలా ఉండదు కాబట్టి, గ్లవ్ బాక్సులో కవర్ కూడా విప్పకుండా పడి ఉండే ఓనర్ మాన్యువల్‌ను ఒకసారి తిరగేయడం మంచిది. చాలా కంపెనీలు ‘ఇంజిన్ స్టార్ట్ కాకపోతే’ అన్న పేజీలో దీన్ని రాస్తాయి.

యాక్సిలరేటర్ తొక్కితే పెట్రోల్ పెరగాలి కదా?

చాలామందికి ఇక్కడే అనుమానం వస్తుంది. అసలే పెట్రోల్ ఎక్కువైన ఇంజిన్‌కు యాక్సిలరేటర్ తొక్కడం ఏమిటని. కానీ ఆ పెడల్ పెట్రోల్‌ది కాదు, గాలిది. తొక్కితే తెరుచుకునేది గాలి దారిలో ఉండే థ్రాటిల్ అనే తలుపు. ఎంత గాలి వచ్చిందో చూసుకుని పెట్రోల్ చిమ్మేది ఈసీయూ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఈ రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి తేడా మనకు తెలియదు.

సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు మాత్రం ఈసీయూలో వేరే నియమం ఉంటుంది. ఇంజిన్ ఇంకా అందుకోలేదు, నిమిషానికి రెండు వందల చుట్ల దగ్గరే ఉంది, అయినా డ్రైవర్ పెడల్‌ను దాదాపు పూర్తిగా, సాధారణంగా 80 శాతానికి పైగా తొక్కి ఉంచాడు. మామూలుగా ఎవరూ ఇలా స్టార్ట్ చేయరు. కాబట్టి ఇది ‘లోపల పెట్రోల్ ఎక్కువైంది, ఆపు’ అని డ్రైవర్ పంపే సంకేతమని ఇంజినీర్లు ముందే రాసిపెట్టారు. అది అందగానే ఈసీయూ ఇంజెక్టర్లను మూసేస్తుంది, లేదా బాగా తగ్గిస్తుంది. దీన్నే ‘క్లియర్ ఫ్లడ్ మోడ్’ అంటారు.

ఇక లెక్క చూడండి. 1200 సీసీ, నాలుగు సిలిండర్ల కారులో ఒక్కో సిలిండర్ 300 సీసీ. నిమిషానికి 200 చుట్ల వేగంతో పది సెకన్లు తిరిగితే ఒక్కో సిలిండర్ 16, 17 సార్లు గాలి పీల్చి వదులుతుంది. అంటే ఇంచుమించు ఐదు లీటర్ల పొడి గాలి ఆ తడి మీదుగా వెళ్లిపోతుంది. తడి బట్టను దులిపి ఆరేసినట్టే. ఆవిరి తగ్గుతూ తగ్గుతూ మండే హద్దులోకి రాగానే, ప్లగ్ కూడా కాస్త ఆరి ఉంటే, మిగిలిన పెట్రోల్‌తోనే ఇంజిన్ లేస్తుంది.

సగం తొక్కితే ఈ లాభం ఉండదు. గీత దాటలేదు కాబట్టి ఇంజెక్టర్లు చిమ్ముతూనే ఉంటాయి. పెడల్‌ను పంపులా టపటపా కొట్టడం కూడా కార్బురేటర్ కాలపు అలవాటే. అందులో యాక్సిలరేటర్ పంపు ఉండేది, కొట్టిన ప్రతిసారీ నాలుగు చుక్కల పెట్రోల్ లోపలికి చిమ్మేది. చేతక్‌ను పక్కకు వంచి, నిలబెట్టి, కిక్ కొట్టిన తరానికి ఇంజిన్‌ను కాస్త ‘బతిమాలాలి’ అన్న నమ్మకం ఇంకా పోలేదు. ఇంజెక్షన్ కారు బతిమాలితే వినదు, సరైన సంకేతం ఇస్తేనే వింటుంది.

మూడుసార్లు ప్రయత్నించినా లేవకపోతే ఆపేయడమే తెలివి. తర్వాతి పని ప్లగ్‌లు విప్పడం. ఇప్పటి కార్లలో ఒక్కో ప్లగ్ మీద ఒక్కో ఇగ్నిషన్ కాయిల్ కూర్చుని ఉంటుంది కాబట్టి ఇది ఇంటి దగ్గర చేసే పని కాదనే చెప్పాలి. ప్లగ్‌ను గ్యాస్ పొయ్యి మీద కాల్చడం, గరుకు కాగితంతో రుద్దడం లాంటి పాత వైద్యాలు సన్నటి ఇరిడియం కొన ఉన్న ప్లగ్‌లకు పనికిరావు. నలుగురు కలిసి తోసి స్టార్ట్ చేయడం కూడా ఈ సందర్భంలో మంచిది కాదు. మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. ఆ వేడికి లోపలి తేనెపట్టు లాంటి భాగం కరిగిపోవచ్చు. సాయం చేయాలనుకునేవారు తోయడానికి బదులు జంపర్ కేబుల్ తెస్తే మేలు.

లేచిన తర్వాత

ఇంజిన్ లేచింది కదా అని మళ్లీ పది అడుగులు జరిపి ఆపేస్తే మొదటికే వస్తుంది. ఒకటి రెండు నిమిషాలు వణుకు, పొగ ఉంటాయి. కంగారు పడక్కర్లేదు. కనీసం పదిహేను ఇరవై నిమిషాలు రోడ్డు మీద నడపాలి. తేలీబాంధా చెరువు చుట్టూ రెండు చక్కర్లు చాలవు, రింగ్ రోడ్డు ఎక్కడమే మంచిది. ప్లగ్‌ల మసి మండిపోవడానికే కాదు, పిస్టన్ పక్కనుంచి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలిసిన పెట్రోల్ ఆవిరవడానికీ ఆ వేడి కావాలి. తర్వాత డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం ఉండాల్సిన దానికంటే పెరిగి, పెట్రోల్ వాసన వేస్తుంటే ఆయిల్ మార్చాలి. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. నడుస్తున్నప్పుడు చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం వేగం తగ్గించి షెడ్డుకు తీసుకెళ్లాలి. మండని పెట్రోల్ కన్వర్టర్‌ను పాడుచేస్తోందని అది హెచ్చరిక.

చలికాలంలో ఒకసారి జరిగితే అలవాటు తప్పు. పదే పదే జరిగితే కారులోనే లోపం ఉంది. ఎక్కువగా అనుమానించాల్సింది కూలెంట్ ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్‌ను. ఇంజిన్ 80 డిగ్రీల దగ్గర ఉన్నా అది పది డిగ్రీలని చెబితే ఈసీయూ ఆ మాట నమ్మి చలికాలపు లెక్కలో పెట్రోల్ చిమ్ముతుంది. రాయ్‌పూర్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు కూడా కార్లు ఫ్లడ్ కావడానికి ఇదో కారణం. ఇంకోటి, కారే ఇంజెక్టర్. హైవే మీద నడిచి ఆగిన కారులో పంపు ఆగినా పైపులో ఒత్తిడి ఉంటుంది. ఇంజెక్టర్ సరిగా మూసుకోకపోతే టీ తాగి వచ్చేలోపు చుక్కచుక్కగా పెట్రోల్ లోపలికి దిగుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చక్కగా లేచి, వేడిగా ఉన్నప్పుడు మాత్రమే మొరాయించే కారుకు ముందుగా ఈ రెండింటినీ చూపించాలి.

ఈ మధ్య ఏ కారు మొరాయించినా నింద ఈ20 పెట్రోల్ మీద పడుతోంది. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోల్ కంటే రెట్టింపుకు పైగా వేడి కావాలన్నది నిజం. పూర్తి ఇథనాల్‌తో నడిచే బ్రెజిల్ కార్లలో చలి ఉదయాల కోసం బానెట్ కింద ప్రత్యేకంగా చిన్న పెట్రోల్ ట్యాంకు పెట్టేవారంటే కారణం అదే. కానీ 20 శాతం కలిపిన ఇంధనంలో తేలికగా ఆవిరయ్యే పెట్రోల్ భాగం ఇంకా చాలా ఉంటుంది. మన మైదాన ప్రాంతాల చలికి అది స్టార్టింగ్‌ను అడ్డుకునేంత తేడా కాదు. పాత కార్లలో రబ్బరు గొట్టాలు, మైలేజీ సంగతి వేరే చర్చ. ఫ్లడ్ అయిన కారుకు మాత్రం ఇథనాల్‌ను తిట్టేముందు బ్యాటరీ వయసు, ప్లగ్‌ల రంగు చూడటం న్యాయం.

అదే మాట, ఎదురు వైద్యం

ఇప్పుడు వానాకాలం. ఛత్తీస్‌గఢ్ ఏడాది వర్షంలో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యే కురుస్తుంది. గంట కుండపోతకు రాయ్‌పూర్ పల్లపు కాలనీల్లో కార్ల బంపర్లు మునుగుతాయి. తెలుగువారికి ఈ దృశ్యం కొత్త కాదు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కార్లు బొమ్మల్లా తేలడం అందరూ చూశారు. నీరు తీశాక చాలామంది చేసిన మొదటి పని తాళం తిప్పి చూడటం.

పెట్రోల్‌తో ఫ్లడ్ కావడానికీ నీళ్లతో ఫ్లడ్ కావడానికీ మధ్య తేడా పరిమాణంలో ఉంది. ఇంతకుముందు చెప్పిన 300 సీసీ సిలిండర్‌కు ఒక్కసారి మండటానికి కావాల్సిన పెట్రోల్ దాదాపు 0.03 మిల్లీలీటర్లు. ఒక్క చుక్క కంటే తక్కువ. చలిలో ఎన్నో రెట్లు చిమ్మి, పది సెకన్లు తిప్పినా లోపల చేరేది ఒకటి రెండు మిల్లీలీటర్లే. పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ, కంప్రెషన్ నిష్పత్తి 11 అనుకుంటే, 30 మిల్లీలీటర్లు. కాబట్టి ఆ పెట్రోల్ పిస్టన్‌కు అడ్డు కాదు. ఇంజిన్‌ను నిర్భయంగా తిప్పవచ్చు. ఇంజెక్టర్ తెరుచుకుపోయి రాత్రంతా కారితే తప్ప ఈ లెక్క మారదు.

నీళ్లు అలా కాదు. గ్రిల్ వెనకో, హెడ్‌లైట్ పక్కనో ఉండే గాలి గొట్టం నోరు ఒక్కసారి మునిగితే ఇంజిన్ గాలిని పీల్చినట్టే నీటిని పీలుస్తుంది. 30 మిల్లీలీటర్లంటే రెండు పెద్ద చెంచాలు. అంతకంటే ఎక్కువ నీరు సిలిండర్‌లో ఉంటే పిస్టన్ పైకి రావడానికి చోటే లేదు. గాలి నలుగుతుంది, నీరు నలగదు. పైకి తోసే శక్తి ఎటో పోవాలి కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒక్కోసారి విరిగి ఇంజిన్ బ్లాక్‌ను చీల్చుకుని బయటికొస్తుంది. డీజిల్ కార్లలో కంప్రెషన్ ఇంకా ఎక్కువ, ఖాళీ ఇంకా తక్కువ కాబట్టి ముప్పు కూడా ఎక్కువే. దీన్ని హైడ్రోలాక్ అంటారు.

ఇప్పుడు క్లియర్ ఫ్లడ్ చిట్కాను ఇక్కడ వాడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే థ్రాటిల్ తలుపు బార్లా తెరుచుకుంటుంది. గొట్టంలో, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో నిలిచిన నీటికి సిలిండర్ల దాకా అడ్డు లేకుండా పోతుంది. ఒకటి రెండు చెంచాలతో తప్పించుకోగలిగిన ఇంజిన్‌కు చెంబుడు నీళ్లు తాగించినట్టవుతుంది.

అందుకే నీళ్లలో ఆగిన కారుకు సూత్రం ఒక్కటే. తాళం ముట్టుకోకూడదు. ‘ఒక్కసారి చూద్దాం’ అన్న ఆ ఒక్కసారే చాలు. ప్రమాదం లేకుండా దిగగలిగితే దిగిపోవాలి, నీరు తగ్గాక కారును న్యూట్రల్‌లో తోసి గట్టుకు చేర్చాలి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, టోయింగ్ బండిని పిలవాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు తీసి చూడటం ఎవరైనా చేయగల పరీక్ష. ఫిల్టర్ పొడిగా ఉంటే ఆశ ఉంది. తడిగా ఉంటే ఇక షెడ్డే.

బీమా కోణంలోనూ ఈ తాళం తిప్పడమే కీలకమవుతుంది. సమగ్ర మోటార్ పాలసీలో వరద నష్టానికి రక్షణ ఉంటుంది. కానీ పర్యవసాన నష్టానికి ఉండదని అదే పాలసీలో రాసి ఉంటుంది. నీళ్లు చేరడం వరద వల్ల జరిగింది, రాడ్ వంగడం సెల్ఫ్ కొట్టడం వల్ల జరిగింది అన్నది కంపెనీల వాదన. ఇంజిన్ ప్రొటెక్షన్ పేరుతో అమ్మే యాడ్-ఆన్ ఈ ఖాళీని పూడ్చడానికే. అయితే అందులోనూ షరతులుంటాయి. ఏ తేదీన, ఏ స్థితిలో కారు ఆగిందో ఫొటోలు తీసి పెట్టుకుని, షెడ్డువారు ఏదీ విప్పకముందే బీమా కంపెనీకి చెప్పడం అవసరం.

షెడ్డులో మొదట చేసే పని ప్లగ్‌లు లేదా డీజిల్ అయితే ఇంజెక్టర్లు విప్పేయడం. తర్వాత ఇంజిన్‌ను చేత్తోనో, సెల్ఫ్‌తోనో మెల్లగా తిప్పుతారు. ప్లగ్ రంధ్రాల్లోంచి నీరు పిచికారీలా చిమ్ముతుంది. దారి దొరికింది కాబట్టి ఇప్పుడు దేన్నీ వంచదు. ఆయిల్ తీసి చూస్తారు, పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరినట్టే. రాడ్లు నిటారుగా ఉన్నాయో లేదో ప్రతి పిస్టన్ ఎంత ఎత్తుకు వస్తోందో కొలిచి చెప్పగలరు. అన్నీ సమానంగా వస్తే ఆయిల్, ఫిల్టర్లు మార్చి, సెన్సర్లు, వైరింగ్ ఆరబెట్టి బండి అప్పగిస్తారు. ఒక్కటి తక్కువ ఎత్తులో ఆగినా ఇంజిన్ దించాల్సిందే.